ఖండాలు దాటి ఉన్న రెండు చిన్న ఊళ్ల మధ్య టైమ్ తేడా తప్పు లేకుండా లెక్కగట్టడం ఎలా

“ఫలానా ఊరికీ ఫలానా ఊరికీ ఎన్ని గంటల తేడా?” అని అడిగేవాళ్లు వస్తూనే ఉంటారు. అడిగిన ప్రతిసారీ నేను తిరిగి అడిగేది ఒకటే: ఏ తేదీన? తేదీ చెప్పకుండా ఈ ప్రశ్నకి ఒక్క జవాబు చాలాసార్లు ఉండదు. లండన్, న్యూయార్క్, సిడ్నీ లాంటి నగరాలైతే ఫోన్‌లో వరల్డ్ క్లాక్ తీసి చూసుకుంటే ఈరోజు వరకూ సరిపోతుంది. చిక్కంతా చిన్న ఊళ్ల దగ్గరే. లిస్టులో ఆ ఊరి పేరు ఉండదు, సరే అని దగ్గర్లో ఉన్న పెద్ద సిటీని పెట్టుకుంటాం, తీరా చూస్తే ఆ సిటీ వేరే జోన్‌లో ఉంటుంది. లేదా జోన్ ఒకటే అయినా వేసవిలో ఒకరు గడియారాన్ని గంట ముందుకి జరుపుతారు, ఇంకొకరు జరపరు.

థియరీ పెద్దగా అక్కర్లేదు. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. ప్రతి ఊరి గడియారాన్నీ యూటీసీ అనే ఉమ్మడి టైమ్‌కి ఇంత ముందు, ఇంత వెనక అని చెప్తారు. ఆ “ఇంత” అన్నదాన్నే కింద అంతటా ఆఫ్‌సెట్ అంటున్నాను. ఇది తెలిస్తే చాలు, పని మొదలుపెట్టొచ్చు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- రెండు ఊళ్ల పూర్తి వివరం: ఊరు, జిల్లా లేదా కౌంటీ, రాష్ట్రం, దేశం. ఒట్టి ఊరి పేరు చాలదు.
- మీకు కావాల్సిన తేదీ. “వచ్చే నెలలో ఎప్పుడో” అంటే కుదరదు.
- ఏదో ఒక మ్యాప్, ఊరు ఎక్కడుందో, ఏ సరిహద్దుకి దగ్గరో చూడటానికి.
- తేదీ ఇస్తే ఆ రోజు ఆఫ్‌సెట్ చెప్పే సైటు, టైమ్ అండ్ డేట్ లాంటిది. “ఇప్పుడు టైమ్ ఎంత” అని మాత్రమే చూపించేది సరిపోదు.
- కాగితం, పెన్ను. నోటి లెక్కలో ప్లస్, మైనస్ గుర్తులు తారుమారవుతాయి.
- వీలైతే ఆ ఊళ్లోనే ఉన్న ఒక మనిషి. పైవాటన్నిటికంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది.

1. ఆ ఊరు ఆ ఊరేనా అని తేల్చుకోండి

నవ్వులాటగా అనిపిస్తుంది గానీ సగం గొడవలు ఇక్కడే మొదలవుతాయి. మాస్కో అనే ఊరు అమెరికాలో ఐడహో రాష్ట్రంలోనూ ఉంది, న్యూయార్క్ రాష్ట్రంలో ఒక ఢిల్లీ ఉంది, కెనడాలోని ఒంటారియోలో ఒక పెర్త్ ఉంది. సెర్చ్‌లో కొడితే ముందు వచ్చేది పెద్ద నగరం, మీ ఊరు కాదు. ఇంకో మాట, రాష్ట్రం పేరు తెలిసినా అయిపోదు. అమెరికాలో పడమర నుంచి తూర్పుకి పసిఫిక్, మౌంటెన్, సెంట్రల్, ఈస్టర్న్ అని గంట గంట తేడాతో జోన్లు ఉన్నాయి; ఐడహోలో ఉత్తర భాగం పసిఫిక్ టైమ్, దక్షిణ భాగం మౌంటెన్ టైమ్. అందుకే కౌంటీ లేదా జిల్లా స్థాయి వరకూ వెళ్లండి, మ్యాప్‌లో ఆ ఊరి మీద వేలు పెట్టి చూపించగలగాలి.

2. జోన్ పట్టుకోండి, దగ్గర్లోని సిటీని బట్టి మాత్రం కాదు

ఫోన్లు, చాలా కంప్యూటర్లు వాడే టైమ్ జోన్ లెక్కలు ఐయానా టైమ్ జోన్ డేటాబేస్ అనే ఉమ్మడి పట్టిక నుంచే వస్తాయి. దానిలో పేర్లు ఖండం, ఆ తర్వాత నగరం అనే వరసలో ఉంటాయి. ఒకే రకంగా గడియారం నడిపే ప్రాంతమంతటికీ కలిపి ఒక పేరు, అదీ సాధారణంగా అక్కడి పెద్ద నగరం పేరు. 1970 తర్వాత గడియారం వేరుగా నడిచిన చరిత్ర ఉంటేనే ఒక చోటికి విడిగా పేరు దక్కుతుంది. మీ ఊరు లిస్టులో లేకపోవడానికి కారణం ఇదే. కొన్ని కుగ్రామాలు మాత్రం దర్జాగా ఉండటానికీ ఇదే కారణం. నార్త్ డకోటాలో వెయ్యి మంది కూడా లేని సెంటర్ అనే ఊరి పేరు ప్రపంచంలోని దాదాపు ప్రతి స్మార్ట్‌ఫోన్ లోపలా ఉంది, ఎందుకంటే 1992లో ఆ కౌంటీ మౌంటెన్ టైమ్ నుంచి సెంట్రల్ టైమ్‌కి మారింది.

కాబట్టి మీరు చేయాల్సింది: మీ ఊరు గడియారం ఎలా నడుపుతుందో, సరిగ్గా అలాగే నడిపే పెద్ద నగరం ఏదో కనుక్కోవడం. దీన్ని ప్రతినిధి నగరం అనుకుందాం. దూరం ముఖ్యం కాదు, రూల్ ఒకటే కావాలి. కొన్ని ఉదాహరణలు చూడండి.

బ్రోకెన్ హిల్ ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని గనుల ఊరు. ఆ రాష్ట్ర రాజధాని సిడ్నీ. కానీ బ్రోకెన్ హిల్ పాటించేది పక్క రాష్ట్రమైన సౌత్ ఆస్ట్రేలియా టైమ్, అంటే సిడ్నీ కంటే అరగంట వెనక. ప్రతినిధి నగరం అడిలైడ్.

నాక్స్ అమెరికాలో ఇండియానా రాష్ట్రం, స్టార్క్ కౌంటీలోని చిన్న ఊరు. ఇండియానాలో ఎక్కువ భాగం ఈస్టర్న్ టైమ్. స్టార్క్ కౌంటీ 2006లో మళ్లీ సెంట్రల్ టైమ్‌కి వెళ్లిపోయింది. ప్రతినిధి నగరం షికాగో, ఇండియానాపొలిస్ కాదు.

వాల్ మరీ కెనడాలో సస్కాచెవాన్ ప్రాంతపు పల్లె. అక్కడ ఏడాది పొడుగునా ఒకే టైమ్, యూటీసీ మైనస్ 6. రెజైనా పెట్టుకుంటే సరి. విన్నిపెగ్ పెట్టుకుంటే చలికాలంలో సరిపోతుంది, వేసవిలో గంట తప్పుతుంది. ఇలాంటి ప్రతినిధి అసలు ప్రమాదం, కొన్ని నెలలు సరిగ్గా చూపిస్తుంది కాబట్టి మనం నమ్మేస్తాం.

చిలే చికో దక్షిణ చిలీలో ఐసెన్ ప్రాంతంలోది. 2025 నుంచి ఆ ప్రాంతం ఏడాదంతా యూటీసీ మైనస్ 3లోనే ఉండిపోయింది. శాంటియాగో పెట్టుకుంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా గంట తేడా వస్తుంది. పుంటా అరేనాస్ పెట్టుకోండి.

జోమ్‌సోమ్ నేపాల్ కొండల్లో ఉంది, కాట్మండు పెట్టుకోవచ్చు. దేశమంతా యూటీసీ ప్లస్ 5:45. ఇండియా టైమ్‌కి పావుగంట ముందు, ఆ పావుగంటే జనం వదిలేసేది.

3. ఆ తేదీకి ఆఫ్‌సెట్ ఎంతో రాసుకోండి

ఇవాళ్టిది కాదు, మీకు కావాల్సిన తేదీది. వరల్డ్ క్లాక్ ఎప్పుడూ ఇవాళ్టి తేడానే చూపిస్తుంది. ఫిబ్రవరిలో చూసి ఏప్రిల్ మీటింగ్ పెట్టుకుంటే తిప్పలే.

గడియారం ముందుకీ వెనక్కీ జరిపే డేలైట్ సేవింగ్ రూల్స్ గుర్తుంచుకోవాల్సినంత వరకూ ఇవి:

- అమెరికా, కెనడాల్లో జరిపే చోట్ల: మార్చి రెండో ఆదివారం ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి.
- యూరప్‌లో ఎక్కువ దేశాలు: మార్చి చివరి ఆదివారం ముందుకి, అక్టోబర్ చివరి ఆదివారం వెనక్కి. రష్యా, టర్కీ జరపవు.
- ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియా, టాస్మేనియా: అక్టోబర్ మొదటి ఆదివారం ముందుకి, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి. క్వీన్స్‌లాండ్, నార్తర్న్ టెరిటరీ, వెస్టర్న్ ఆస్ట్రేలియా జరపవు.
- న్యూజిలాండ్: సెప్టెంబర్ చివరి ఆదివారం ముందుకి, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి.
- ఆసియాలో, ఆఫ్రికాలో ఎక్కువ భాగం: అసలు జరపరు. ఈజిప్టు మాత్రం 2023లో మళ్లీ మొదలుపెట్టింది. మొరాకో ఏడాదంతా ప్లస్ 1లో ఉండి రంజాన్ నెలలో గంట వెనక్కి వస్తుంది.

దక్షిణార్ధగోళంలో వేసవి డిసెంబర్ వైపు వస్తుంది కాబట్టి అక్కడ గడియారం జరిగేది ఉత్తరానికి ఉల్టాగా. ఒక ఊరు ఉత్తరాన, ఒకటి దక్షిణాన ఉండి రెండూ గడియారం జరిపేవైతే తేడా ఏడాదిలో ఒక గంట కాదు, రెండు గంటలు ఊగుతుంది. నాక్స్, బ్రోకెన్ హిల్ జంటనే తీసుకుని 2026 మొత్తం రాసి చూపిస్తాను. అన్ని వేళలా బ్రోకెన్ హిల్లే ముందు.

- జనవరి 1 నుంచి మార్చి 8 వరకు: నాక్స్ మైనస్ 6, బ్రోకెన్ హిల్ ప్లస్ 10:30. తేడా 16:30 గంటలు.
- మార్చి 8 నుంచి ఏప్రిల్ 5 వరకు: మైనస్ 5, ప్లస్ 10:30. తేడా 15:30.
- ఏప్రిల్ 5 నుంచి అక్టోబర్ 4 వరకు: మైనస్ 5, ప్లస్ 9:30. తేడా 14:30.
- అక్టోబర్ 4 నుంచి నవంబర్ 1 వరకు: మళ్లీ 15:30.
- నవంబర్ 1 తర్వాత: మళ్లీ 16:30.

నాక్స్‌లో ప్రతి సోమవారం సాయంత్రం 4 గంటలకి ఫోన్ చేసే అలవాటు ఉందనుకోండి. జనవరిలో అది బ్రోకెన్ హిల్‌లో మంగళవారం ఉదయం 8:30, హాయిగా మాట్లాడే టైమ్. మార్చి మధ్యలో 7:30, అప్పుడే తెల్లవారి ఉంటుంది. జులైలో 6:30. అక్కడ చలికాలం కాబట్టి బయట ఇంకా చీకటే. నాక్స్ వైపు మనిషి గడియారంలో ఏమీ మారలేదు, ఎప్పటిలాగే సాయంత్రం నాలుగింటికే చేశాడు, అవతలి వాళ్లు మాత్రం దుప్పట్లోంచి చెయ్యి చాపి ఫోన్ ఎత్తాలి.

మీ జంటకి ఇలాంటి పట్టీ ఒకసారి రాసుకుని గోడకి అంటించుకుంటే ఆ ఏడాదికి పని అయిపోయినట్టే. రెండు ఊళ్లూ గడియారం జరపనివైతే పట్టీలో ఒక్క లైనే ఉంటుంది, అదృష్టవంతులు.

4. యూటీసీ మీదుగా లెక్క కట్టండి

నేరుగా ఒక ఊరి టైమ్ నుంచి ఇంకో ఊరి టైమ్‌కి దూకొద్దు. రెండు మెట్లుగా చేయండి, ఎక్కడ తప్పిందో వెనక్కి తిరిగి చూసుకోవచ్చు. మొదటి మెట్టు: ఊరి టైమ్‌లోంచి ఆ ఊరి ఆఫ్‌సెట్ తీసేస్తే యూటీసీ వస్తుంది. రెండో మెట్టు: ఆ యూటీసీకి రెండో ఊరి ఆఫ్‌సెట్ కలిపితే అక్కడి టైమ్ వస్తుంది. 24 గంటల పద్ధతిలో రాయండి.

వాల్ మరీలో మంగళవారం రాత్రి 7 గంటలు. ఆస్ట్రేలియాలో నల్లర్‌బోర్ మైదానం మీద ఉన్న యూక్లాలో అప్పుడు టైమ్ ఎంత? వాల్ మరీ మైనస్ 6, యూక్లా ప్లస్ 8:45.

19:00 లోంచి మైనస్ 6 తీసేయాలి, అంటే 6 కలపాలి. 25:00. అంటే బుధవారం 01:00 యూటీసీ. దానికి 8:45 కలిపితే బుధవారం ఉదయం 9:45.

మైనస్‌ని తీసేయడమంటే కలపడం అన్నది స్కూల్లో అందరం చదువుకున్నదే, అయినా హడావిడిలో 19లోంచి 6 తీసేసి 13 అని రాసేవాళ్లే ఎక్కువ. అలా చేస్తే పన్నెండు గంటలు తప్పుతుంది, పగలు కాస్తా రాత్రి అవుతుంది. మీ జవాబు సరిగ్గా పన్నెండు గంటలు తేడాగా వస్తే ముందు ఈ గుర్తునే అనుమానించండి.

స్ప్రెడ్‌షీట్‌లో చేసేవాళ్లకి ఇంకో హెచ్చరిక. 5:45 అంటే 5.45 కాదు, 5.75. 9:30 అంటే 9.5. నిమిషాల్ని 60తో భాగించాలి. ఇలా తప్పిన లెక్కలో తేడా పద్దెనిమిది నిమిషాలో, పన్నెండు నిమిషాలో వస్తుంది. ఈ రోజుల్లో ఆఫ్‌సెట్లన్నీ పావుగంట లెక్కలోనే ఉంటాయి కాబట్టి జవాబులో తేడా 15, 30, 45, 00 నిమిషాలు కాక ఇంకేదైనా వచ్చిందంటే కచ్చితంగా తప్పే.

లెక్క అసలు వద్దనుకునేవాళ్లకి ప్రత్యామ్నాయం ఉంది. గూగుల్ క్యాలెండర్ లాంటి యాప్‌లో ఈవెంట్ పెట్టేటప్పుడు దాని టైమ్ జోన్ విడిగా ఎంచుకోవచ్చు. అక్కడ మొదటి ఊరి ప్రతినిధి నగరాన్ని ఎంచుకుని తేదీ, టైమ్ ఇవ్వండి, తర్వాత సెట్టింగ్స్‌లో రెండో ఊరి ప్రతినిధిని రెండో జోన్‌గా పెట్టి ఆ రోజు పేజీ తెరవండి, పక్కపక్కన కనిపిస్తాయి. డేలైట్ సేవింగ్ అదే చూసుకుంటుంది. కానీ ప్రతినిధి నగరం తప్పు పెడితే యాప్ ఆ తప్పునే శ్రద్ధగా లెక్కగడుతుంది, పైన 2లో చెప్పిన జోన్ పని ఎగ్గొట్టడం అందుకే కుదరదు.

5. తేదీ, వారం రాయకుండా వదలొద్దు

గంటలు సరిగ్గా కట్టి రోజు తప్పేవాళ్లు చాలామంది. పై ఉదాహరణలోనే వాల్ మరీలో మంగళవారం, యూక్లాలో బుధవారం. ప్రతి టైమ్ పక్కనా వారం రాయడం అలవాటు చేసుకోండి.

పసిఫిక్ దీవుల దగ్గర ఇది ఇంకా వింతగా ఉంటుంది. సమోవా యూటీసీ ప్లస్ 13, పక్కనే ఉన్న అమెరికన్ సమోవా మైనస్ 11. సరిగ్గా 24 గంటల తేడా. రెండు చోట్లా గడియారం ఒకే టైమ్ చూపిస్తుంది, తేదీలు వేరు. సమోవా 2011లో డిసెంబర్ 30ని క్యాలెండర్‌లోంచి పూర్తిగా ఎగ్గొట్టి ఈ వైపుకి దూకింది. గంటలు మాత్రమే పోల్చుకునేవాడికి తేడా ఏమీ లేనట్టే కనిపిస్తుంది.

“శుక్రవారం అర్ధరాత్రి 12 గంటలకి” అని ఎప్పుడూ రాయొద్దు. అది గురువారం పోయి శుక్రవారం వచ్చే క్షణమా, శుక్రవారం పోయి శనివారం వచ్చే క్షణమా? ఒక్కొక్కరు ఒక్కోలా చదువుతారు. గడువు అయితే 23:59 అని రాయండి, మొదలయ్యేదైతే 00:01 అని రాయండి. అలాగే మనం మాటల్లో “శుక్రవారం రాత్రి ఒంటిగంట” అనేది క్యాలెండర్ లెక్కలో శనివారం 01:00.

6. జవాబుని ఇంకో దారిలో సరిచూడండి

లెక్క మళ్లీ అదే దారిలో చేస్తే అదే తప్పు మళ్లీ చేస్తారు. వేరే దారి కావాలి. నాకు పనికొచ్చేవి మూడు.

రేఖాంశంతో ముతక లెక్క. మ్యాప్‌లో ఊరి మీద నొక్కిపట్టుకుంటే అక్షాంశం, రేఖాంశం వస్తాయి. రేఖాంశాన్ని 15తో భాగించండి, తూర్పైతే ప్లస్, పడమరైతే మైనస్. నాక్స్ సుమారు 86.6 డిగ్రీలు పడమర, భాగిస్తే మైనస్ 5.8. చలికాలపు ఆఫ్‌సెట్ మైనస్ 6, దగ్గరగానే ఉంది. బ్రోకెన్ హిల్ 141.5 తూర్పు, 9.4 వస్తుంది, ఆఫ్‌సెట్ 9:30. గంటా గంటన్నర తేడా రావడం మామూలే. మూడు గంటలు దాటి తేడా వస్తే, సమోవా లాంటి పసిఫిక్ దీవులైతే తప్ప, ఊరు తప్పో, గుర్తు తప్పో అయి ఉంటుంది. సరిగ్గా మూడు దాకా వచ్చే చోట్లు కూడా ఉన్నాయి: చైనా మొత్తానికీ ఒకే టైమ్, ప్లస్ 8. పశ్చిమ కొసన ఉన్న కష్గర్ వైపు రేఖాంశం ప్రకారం ప్లస్ 5 ఉండాల్సింది.

వెలుతురుతో. “ఇప్పుడు మీ దగ్గర తెల్లారిందా, పొద్దు గూకిందా?” అని అక్కడి మనిషిని అడగండి. పన్నెండు గంటల తప్పు దీనికి దొరికిపోతుంది. గంట తప్పు, సరిగ్గా ఒక రోజు తప్పు దొరకవు. ఆర్కిటిక్ వలయం పైనున్న ఊళ్లకి నడి వేసవిలో, నడి చలికాలంలో ఇది పనిచేయదు, అక్కడ అప్పుడు పగలూ రాత్రీ వెలుతురే, లేదా చీకటే.

స్క్రీన్‌షాట్‌తో. అన్నిటికంటే నమ్మకమైనది ఇదే. అవతలి వాళ్ల ఫోన్ లాక్ స్క్రీన్, టైమ్‌తో పాటు తేదీ కనిపించేలా, స్క్రీన్‌షాట్ తీసి పంపమనండి. మీరు అదే నిమిషంలో మీది తీయండి. రెండూ పక్కన పెట్టుకుంటే ఇవాళ్టి తేడా చేతిలో ఉంటుంది. దాన్ని మీ పట్టీలో ఇవాళ్టి లైనుతో పోల్చండి. సరిపోతే ఇవాళ్టి లైను నమ్మొచ్చు, గడియారం జరిగిన ప్రతిసారీ మిగతా లైన్లని కూడా ఇలాగే చూసుకోండి.

7. మెసేజ్‌లో రెండు టైమ్‌లూ, రెండు తేదీలూ రాసి పంపండి

“సోమవారం నాలుగింటికి” అని పంపితే మీ శ్రమంతా వృథా. ఇలా రాయండి:

మార్చి 16 సోమవారం, నాక్స్‌లో సాయంత్రం 4:00. అంటే మార్చి 17 మంగళవారం, బ్రోకెన్ హిల్‌లో ఉదయం 7:30. యూటీసీలో మార్చి 16, 21:00.

మూడో భాగం ఎందుకంటే మొదటి రెండిట్లో ఎక్కడైనా తప్పుంటే అవతలి వాళ్లు దాన్ని బట్టి పట్టుకోగలరు. ప్రతి వారం జరిగే కాల్ అయితే ఇంకో లైను కలపండి: ఏ ఊరి గడియారం స్థిరం? “నాక్స్ టైమ్ మారదు, బ్రోకెన్ హిల్ వాళ్లు సర్దుకుంటారు” అనో, దానికి ఉల్టాగానో. ఇది ముందే తేల్చుకోకపోతే మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి ఇద్దరూ ఎదురుచూసి తిట్టుకుంటారు. నా ఓటు ఎప్పుడూ ఇబ్బంది ఎక్కువ పడే ఊరి వైపే, అంటే పొద్దున్నే లేవాల్సినవాళ్ల గడియారం స్థిరంగా ఉంచండి.

ఎక్కువగా జరిగే తప్పులు

మూడక్షరాల పొట్టి పేర్లు నమ్మడం. సీఎస్‌టీ అంటే అమెరికా సెంట్రల్ టైమ్ కావచ్చు, చైనా టైమ్ కావచ్చు, క్యూబా టైమ్ కూడా కావచ్చు. ఐఎస్‌టీ అంటే ఇండియా, ఇజ్రాయెల్, ఐర్లాండ్ మూడిటికీ వాడతారు. ఎవరైనా ఇలా పంపితే సిగ్గుపడకుండా “యూటీసీకి ఎంత తేడా?” అని అడగండి. ఇంకోటి, అమెరికా ఈస్టర్న్ టైమ్‌కి వేసవిలో కూడా అలవాటుగా ఈఎస్‌టీ అని రాసేస్తారు. అందులో ఎస్ అంటే స్టాండర్డ్, వేసవిలో నడిచేది అది కాదు. రాసినవాళ్ల ఉద్దేశం ఊరి గడియారమే అయి ఉంటుంది గానీ కంప్యూటర్‌కి అలాగే ఇస్తే గంట తప్పు.

ఈటీసీ జీఎంటీ అనే పేర్లు ఎంచుకోవడం. కొన్ని సాఫ్ట్‌వేర్ లిస్టుల్లో ఈటీసీ జీఎంటీ ప్లస్ 5 (Etc/GMT+5) అని కనిపిస్తుంది. దాని అర్థం యూటీసీ మైనస్ 5, గుర్తు కావాలనే ఉల్టాగా పెట్టారు, పాత పద్ధతి. ముట్టుకోకపోవడమే మంచిది, నగరం పేరు ఉన్నదే ఎంచుకోండి.

పాత ఫోన్‌ని నమ్మడం. జోన్ రూల్స్ ఫోన్‌లోకి అప్‌డేట్‌తో పాటు వస్తాయి. అప్‌డేట్ ఆగిపోయిన ఫోన్‌కి కొత్త రూల్ తెలియదు. మెక్సికో 2022 అక్టోబర్‌లో చాలా ప్రాంతాల్లో డేలైట్ సేవింగ్ ఎత్తేసింది. కొండల మీది రియల్ దె కటోర్సే లాంటి ఊళ్లకి పాత ఫోన్ వేసవిలో ఇంకా గంట ఎక్కువ చూపిస్తుంది. అమెరికా సరిహద్దుని ఆనుకుని ఉన్న ఒహినాగా లాంటి ఊళ్లు మాత్రం అమెరికాతో పాటు గడియారం జరుపుతూనే ఉన్నాయి. కజకస్తాన్ 2024 మార్చి 1 నుంచి దేశమంతా ప్లస్ 5 చేసింది, పరాగ్వే 2024 అక్టోబర్ నుంచి ఏడాదంతా మైనస్ 3లో ఉంటోంది. మీ జంటలో ఇలాంటి దేశం ఉంటే ముందు ఫోన్ అప్‌డేట్ చేయండి, ఆ తర్వాత చూడండి.

గడియారం జరిగే రాత్రి టైమ్ పెట్టడం. అమెరికాలో మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2:30 అనే టైమే ఉండదు, 2 కాగానే 3 అవుతుంది. నవంబర్‌లో 1:30 రెండుసార్లు వస్తుంది. ఆ రాత్రికి ఏదీ పెట్టకండి, పెట్టాల్సి వస్తే యూటీసీలో మాత్రమే చెప్పండి.

చట్టం ఒకటి, ఊరు ఒకటి

యూక్లాకి పైన ప్లస్ 8:45 రాశాను. నిజానికి వెస్టర్న్ ఆస్ట్రేలియాలో అధికారిక టైమ్ ప్లస్ 8. యూక్లా, దాని చుట్టుపక్కల హైవే మీది కొద్దిపాటి మజిలీలు ఆ రాష్ట్ర రాజధాని పెర్త్‌కీ అడిలైడ్‌కీ మధ్యలో తమకంటూ ఒక టైమ్ పెట్టుకున్నాయి. ఫోన్ దాన్ని తనంతట తాను చూపించకపోవచ్చు, హోటల్ గోడ మీది గడియారం చూపిస్తుంది. అమెరికాలో నెవాడా దాదాపు మొత్తం పసిఫిక్ టైమ్, ఐడహో సరిహద్దులోని జాక్‌పాట్ మాత్రం మౌంటెన్ టైమ్‌లో బతుకుతుంది. ఆరిజోనాలో ఎక్కువ భాగం గడియారం జరపదు. నవాహో నేషన్ జరుపుతుంది, దాని మధ్యలో ఉన్న హోపీ ప్రాంతం జరపదు. ట్యూబా సిటీ, మొయెన్‌కోపీ పక్కపక్క ఊళ్లు, వేసవిలో ఇటు నుంచి అటు వెళ్తే గంట మారిపోతుంది. సరిహద్దు ఊళ్లలో ఫోన్ అవతలి వైపు టవర్ పట్టుకుని టైమ్ మార్చేసుకోవడం కూడా ఉంది.

ఇలాంటి చోట్లకి సైటు, యాప్, నేను చెప్పిన లెక్క, ఏదీ చివరి మాట కాదు. అక్కడివాళ్లని ఇలా అడగండి: “మీ ఊళ్లో షాపు తెరిచేది ఏ గడియారం ప్రకారం?” కష్గర్‌లో అయితే తప్పనిసరిగా అడగాలి. అధికారికంగా బీజింగ్ టైమే అయినా ఉయ్ఘుర్లలో చాలామంది దానికి రెండు గంటలు వెనకగా ఉండే స్థానిక టైమ్ వాడతారు. ఒకే ఊళ్లో ఇద్దరు “పదింటికి” అంటే రెండు వేర్వేరు టైమ్‌లు కావచ్చు.

ఇథియోపియా సంగతి వేరు. జోన్ మామూలే, ప్లస్ 3, ఏడాదంతా మారదు. కానీ అక్కడ మాటల్లో గంటలు లెక్కపెట్టేది పొద్దు పొడిచినప్పటి నుంచి. లాలిబెలాలో ఎవరైనా “పొద్దున మూడింటికి” అంటే మన లెక్కలో 9 గంటలు. ఆరు గంటల తేడా. స్వాహిలీ మాట్లాడే తూర్పు ఆఫ్రికా ఊళ్లలోనూ ఇదే పద్ధతి. జోమ్‌సోమ్ నుంచి లాలిబెలాకి మాట్లాడేవాళ్లకి జోన్ తేడా 2:45 గంటలే, లాలిబెలాలో 9:00 అయితే జోమ్‌సోమ్‌లో 11:45. ఆ “మూడు”ని మాత్రం తెల్లవారుజాము 3 అనుకుంటే అక్కడ అందరూ నిద్రపోతుంటారు. ఇథియోపియా క్యాలెండర్ కూడా వేరు, పదమూడు నెలలు ఉంటాయి, సంవత్సరం అంకె ఏడెనిమిదేళ్లు వెనక ఉంటుంది. కాబట్టి కాగితం మీద తేదీ వచ్చినా ఏ క్యాలెండర్‌దో చూడండి. విమాన టికెట్ల మీద, బయటి దేశాలతో రాతకోతల్లో మామూలు పద్ధతే వాడతారు, అయోమయం నోటి మాట దగ్గరే. అడగాల్సింది ఒక్కటే: “ఇథియోపియా లెక్కలోనా, విదేశీ లెక్కలోనా?” అని. అక్కడివాళ్లకి ఈ ప్రశ్న కొత్తేమీ కాదు, వెంటనే చెప్తారు.